శిరివెళ్ల శర్బత్తులో ఐసు

ఆళ్లగడ్డ నుంచి నంద్యాల ల్యాబుకు రక్తం సీసాలు మోసేవాళ్లలో పౌలును మించినవాడు లేడు. పదేండ్లలో ఒక్కరోజు కూడా మధ్యలో కాలు కింద పెట్టలేదు. సీసాలోని రక్తం తానెవరి ఒంట్లోదో మరిచేలోపల ల్యాబు మెట్లెక్కేస్తాడు.

ఈ మాట ఊరంతా చాటింది నేనే, ఇప్పుడు వెనక్కి తీసుకునేదీ నేనే. పౌలు రోజూ శిరివెళ్లలో ఆగుతాడు. హన్నమ్మ అంగట్లో నన్నారి శర్బత్తు తాగందే ఆయన బండి కదలదు.

ఒక మే నెల పొద్దున పెట్టెలో ఉన్నది రంగమ్మ రక్తం. అహోబిలం గుడి వంటశాలలో పనిచేసే కృష్ణస్వామి భార్య ఆమె. ఒంట్లో చీము రక్తంలోకి పాకి ఆళ్లగడ్డలో ఒక చిన్న ఆసుపత్రిలో పడుంది. సీసా ఇస్తూ డాక్టరమ్మ శ్రీవిద్య గట్టిగా చెప్పింది.

"ఇందులో ల్యాక్టేట్ ఎంతుందో చూడాల. నాలుగు దాటితే మూత్రపిండాలు, గుండె ఒకదాని వెంట ఒకటి మొరాయించే సూచన. ఐసు కరగనీయొద్దు పౌలూ. వేడెక్కితే సీసాలోనే అంకె పెరుగుతాది."

ఆరోజు శిరివెళ్లలో కరెంటు లేదు.

"ఐసు లేదు పౌలన్నా. వేడి శర్బత్తే తాగుతావా?" అనింది హన్నమ్మ.

"నేనుండంగ వేడి శర్బత్తేందమ్మే!"

నల్లమలలో చిరుతపులి తన బండికి సైడిచ్చిన కథ అప్పుడే మొదలుపెట్టినాడు. ఆ ఊపులో సీసా చుట్టూ ఉన్న ఐసు కవరు విప్పి, ఐదు గ్లాసుల్లో పంచేసినాడు. చిరుత అడవిలోకి తిరిగి పోయేసరికి గంట దాటింది.

మధ్యాహ్నం ఆయన తిరిగొచ్చేసరికి ఆసుపత్రి ముందర ఆటో నిలబడి ఉంది. కృష్ణస్వామి దుప్పటి మడుస్తున్నాడు.

"ఏందీ సామీ, యాడికి?"

"ఇంటికప్పా. నంద్యాల నుంచి ఫోనొచ్చింది, నాలుగున్నర ఉందంట. కర్నూలుకు తీస్కపోమంటాండారు. ఎందుకు? నలభై ఏండ్లు బతికిన ఇల్లు. ఆడనే పోనీ."

పౌలు చేతిలో పెట్టె ఇంకా నన్నారి వాసన కొడుతోంది. చెప్తే పని పోతుంది. చెప్పకపోతే ఆటో పోతుంది.

"మేడం, ఆ ఐసు నేను శర్బత్తులో ఏసినా."

డాక్టరమ్మ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "ఆటో ఆపండి సామీ, ఇంకోసారి తీస్తా" అని సూది అందుకుంది. రంగమ్మ కూతురు విష్ణుప్రియ మాత్రం పౌలు ముందుకొచ్చి నిలబడింది.

"మాయమ్మ ప్రాణంతో శర్బత్తు తాగినావా అన్నా?"

రెండో సీసా ఆయన చేతికివ్వలేదు. ఐసు పెట్టెను ఒళ్లో పెట్టుకుని తానే బండి వెనక కూర్చుంది. శిరివెళ్లలో హన్నమ్మ కేకేసింది. పౌలు తల తిప్పలేదు.

ఈసారి అంకె రెండున్నర. ఆటో ఖాళీగా వెనక్కి పోయింది. మూత్రపిండాలు కొంత సతాయించినా, పన్నెండో రోజు రంగమ్మ తన కాళ్లతో నడిచి ఇంటికి పోయింది. వారం తర్వాత పౌలు ఇంటికి డబ్బా నిండా పులిహోర పంపింది. ఆయన తింటూ ఏడ్చినాడు.

పౌలు ఏడ్చింది నిజమే. పులిహోర మాత్రం నేను కల్పించింది. ఆ ఇంటి నుంచి ఎవరూ ఏమీ పంపలేదు. విష్ణుప్రియ ఇప్పటికీ ఎదురుపడితే మొహం తిప్పుకుంటుంది. వినేవాళ్లకు ఊరటగా ఉంటుందని పెట్టినా. పౌలుకు వినిపిస్తే, "అది తీసెయ్యప్పా, నాకు దక్కలేదు కదా" అన్నాడు.