సారా చెప్పులు

ఆదివారం పొద్దున్నే సారా ఉదయగిరి చర్చిలో చాపలు పరిచి, కీబోర్డు తుడిచి, వాకిట్లో చెప్పులు విడిచే చోట ముళ్లూ రాళ్లూ ఏరేసేది. పాట మొదలైతే చెప్పులు తిరిగే చోటు కదా.

సారా ఎడమచేత్తో రెండు మూడు మెట్లు కలిపి కార్డు పట్టుకుంటే, డ్రమ్ములూ కింది స్వరాల బేసూ కీబోర్డే వాయించేది. డిస్కో స్టైల్ పెడితే బయట చెప్పులు గంతులేస్తూ బస్టాండు దాకా పోయేవి. ప్రార్థన అయ్యాక జనం వట్టికాళ్లతో పోయి ఏరుకునేవాళ్లు. సన్నటి తాళం, మెల్లటి బేసు పెడితే జతలు జతలుగా గడప వైపు తిరిగి కుదురుగా ఉండేవి. సారా చెప్పులు మాత్రం దేనికీ కదిలేవి కావు.

ఆ వారం ఆత్మకూరు సంఘపెద్ద వరప్రసాదం వినడానికొస్తున్నాడు. నచ్చితే అక్కడ కీబోర్డు వాయించే పని ఇస్తాడు. తనకు తానే నేర్చుకున్న సారాకు ఊరు దాటే దారి అదొక్కటే.

"డిస్కో కొట్టు సారా. ఆయన బూట్లు ఆత్మకూరు దాకా పరిగెత్తాల," అన్నాడు గిటారు వాయించే ఎడ్విన్.

పాటలు ఎత్తుకునే వరదమ్మత్త మూతి తిప్పింది. "దేవుని పాటకి ఆ దడదడ ఏందే? మెల్లంగా వాయించు."

ఇద్దరిదీ నిజమే అనిపించింది. వారమంతా రెండూ వాయించి చూసుకుంది. ఒకదాంట్లో ఎడ్విన్ వినిపించాడు, ఇంకోదాంట్లో వరదమ్మత్త. తనెక్కడుందో తెలీలేదు.

ఆదివారం మొదటి చరణం మెల్లగా వాయించింది. వరప్రసాదం ఆవులించాడు. గాభరాపడి రెండో చరణానికి డిస్కో నొక్కింది. బయట చెప్పులు లేచినాయి. వరదమ్మత్త కళ్లెర్రజేసింది. మళ్లీ మెల్లదానికి పోబోయి, సారా వేలు స్టాప్ మీద పడింది.

డ్రమ్ముల్లేవు, బేసు లేదు. సగం దోవలో చెప్పులన్నీ ఆగిపోయినాయి. ఆపితే ఇంకంతే. సారా ఎడమచేత్తో తనే బేసు వాయించసాగింది, ఒకచోట తొందరగా, ఇంకోచోట ఆగి ఆగి. అదేం స్టైలో తనకే తెలీదు. వరదమ్మత్త కూడా ఆ నడకకే పాట అందుకుంది.

వాకిలి పక్కనున్న ఎడ్విన్ వంగి చెప్పాడు, "సారా, నీ చెప్పులు పోతా ఉండాయి."

ప్రార్థన అయ్యాక అందరూ సగం దోవలో చెప్పులు తొడుక్కున్నారు, వరప్రసాదం తన బూట్లు. సారావి అక్కడ లేవు. వట్టికాళ్లతో బస్టాండు దాకా పోయింది. మడమ అరిగిన ఆ జత ఆత్మకూరు బస్సు మెట్టు మీద ఉంది.

వెనకే వచ్చిన వరప్రసాదం అడిగాడు, "అదేం స్టైలమ్మా?"

"తెలీదండీ."

"సరే. మా దగ్గర అదే వాయించు."

సారా మెట్టెక్కి చెప్పుల్లో కాళ్లు పెట్టింది. ఇంటికి పోయి సంచి తెచ్చుకుందామని వెనక్కి తిరగబోయింది. చెప్పులు కదల్లేదు.