అడిగితే ఇవ్వని వంగనారు

మే నెల మొదటి వారంలో కెనడాలోని విన్నిపెగ్‌లో వంగమొక్కల్ని ఆరుబయట నాటిన మనిషిని ఏమనాలి? పిచ్చిదైనా అనాలి, కూకట్‌పల్లిలో అయిదో అంతస్తు ఫ్లాట్‌లో పెరిగిందైనా అనాలి. సుధామయి విషయంలో రెండోది నిజం.

ఆ రోజు ఎండ ఇరవై ఆరు డిగ్రీలు. పక్కింటాయన నిక్కరు వేసుకుని గడ్డి కోస్తున్నాడు. ఎండంటూ వచ్చాక ఇక ఉంటుందనే కదా మన లెక్క! మార్చి నుంచి పెరుగు డబ్బాల్లో పెట్టి చంటిపిల్లల్లా సాకిన పన్నెండు మొక్కల్నీ పెరట్లో నాటేసి, నీళ్లు పోసి, చూసుకుని మురిసిపోయింది. మూడోనాడు తెల్లారేసరికి మంచు పట్టి అన్నీ ఉడికిన పాలకూరలా నేలకు అంటుకుపోయాయి. సుధామయి అక్కడే మట్టిలో కూలబడి భోరుమంది.

వంగమొక్కలకు ఇంత ఏడుపేమిటి అంటారా? వాటి మీద ఆ పిల్ల పెద్ద పందెమే కాసుకుంది. జనవరిలో మాస్టర్స్‌కి వచ్చింది. పార్ట్ టైమ్ కోసం ఊళ్లో ఉన్న ప్రతి షాపుకీ రెజ్యుమె ఇచ్చింది. ఎక్కడికెళ్లినా తనకంటే ముందు నలభై మంది, అందులో సగం మనవాళ్లే. క్లాసు, బస్సు, బేస్‌మెంట్ గది, మళ్లీ క్లాసు. ఇక్కడ తను చెయ్యి పెట్టిన పని ఒక్కటీ కలిసి రాలేదన్న దిగులు పట్టుకుని, ఏప్రిల్లో తండ్రికి ఫోన్ చేసి చెప్పేసింది.

"నాన్నా, నా చేత్తో ఒక్క వంకాయ కాస్తే ఉంటా. కాయలేదనుకో, సెప్టెంబర్ టర్మ్ డ్రాప్ అయిపోయి వచ్చేస్తా."

"వంకాయకీ చదువుకీ ఏం సంబంధం తల్లీ?" అన్నాడాయన. ఈ పిల్లది ఉడుంపట్టు. అన్నదంటే అన్నదే.

ఇంటి ఓనరు ఝాన్సీలక్ష్మి గారు పైన ఒక్కరే ఉంటారు. గుంటూరు నుంచి వచ్చి నలభై ఏళ్లు, డాక్టరుగా రిటైరయ్యారు. ఆవిడ దక్షిణపు కిటికీ నిండా వంగ, గోంగూర నారు పచ్చగా నవనవలాడుతూ ఉంటుంది. నాటడానికి ఇంకా సమయం ఉంది కదా అని సుధామయి కళ్లు తుడుచుకుని పైకి వెళ్లింది.

"ఆంటీ, నా మొక్కలన్నీ పోయాయి. రెండు వంగమొక్కలు ఇస్తారా?"

"ఇవ్వను," అన్నారావిడ మొహం మీదే.

సుధామయికి తల కొట్టేసినట్టయింది. డెబ్బై మొక్కలున్నాయి, రెండిస్తే ఈవిడ సొమ్మేం పోయింది? వారం ఆగి, సిగ్గు చంపుకుని మళ్లీ అడిగింది. ఈసారి ఆంటీ కాసేపు ఆలోచించి, కారు తాళాలు తీసుకున్నారు.

"నేను గ్రాసరీకి వెళ్తున్నా. గంటన్నర దాకా రాను. వెనక తలుపు తీసే ఉంటుంది. కిటికీ దగ్గర మొక్కలన్నీ అలాగే ఉంటాయి. అర్థమైందా?"

"అర్థమైంది ఆంటీ," అంది సుధామయి. పాపం పెద్దావిడ, మతిమరుపు వచ్చేసినట్టుంది అనుకుని, ఆవిడ కారు మలుపు తిరగ్గానే వెళ్లి వెనక తలుపు లోపల్నుంచి గడియ పెట్టి గంటన్నరా కాపలా కూర్చుంది. ఆంటీ వచ్చి, గడియ చూసి, ఆ పిల్లను చూసి, "ఓరి దేవుడోయ్" అని లోపలికి వెళ్లిపోయారు.

జూన్ వచ్చింది. ఊరంతా మొక్కలు నాటేస్తోంది. సుధామయి మడి మాత్రం బోడిగా ఉంది. ఇంకో వారం దాటితే వంగ నాటినా చలి ముంచుకొచ్చేలోపు కాపు రాదట. ఇక టికెట్ చూసుకోవడమే అనుకుంటూ పెరట్లో నిలబడిన శనివారం పొద్దున, వెనక తలుపులోంచి కోదండరామ్ గారు బయటికి వచ్చారు. రిటైర్డ్ ఇంజినీరు, రోజూ ఆంటీ దగ్గర కాఫీ తాగే పెద్దమనిషి. వెచ్చటి ఎండలో కోటు మెడదాకా బిగించారు. ఆ కోటు కాలర్లోంచి రెండు వంగాకులు తొంగిచూస్తున్నాయి.

"ఆంటీ! దొంగతనం! అంకుల్ మీ మొక్కలు పట్టుకుపోతున్నారు!"

కోదండరామ్ గారు కొయ్యబారిపోయారు. ఆంటీ గరిటెతో సహా పరిగెత్తుకొచ్చి, ఆయన్ని వదిలేసి ఈ పిల్ల మీద విరుచుకుపడ్డారు.

"నోర్మూసుకోవే! పట్టుబడితే ఇక ఆ మొక్క బతుకుతుందా?"

సుధామయి ఒకసారి ఆవిడ గరిటెనీ, ఒకసారి అంకుల్ కోటునీ చూసింది.

"చేతికిస్తే మొక్క నాటుకోదు, దొంగిలించిందే ఏపుగా పెరుగుతుందని మీ ఇంట్లో ఎవరూ చెప్పలేదుటే? నేనెన్నిసార్లు తలుపు తీసిపెట్టాలి నీకోసం?"

"మా ఇంట్లో మనీప్లాంట్ కూడా ఆన్‌లైన్లో కొన్నదే ఆంటీ..."

"ముప్పై ఏళ్లుగా దొంగతనం చేస్తున్నానమ్మా, ఏనాడూ పట్టుబడలేదు," అన్నారు కోదండరామ్ గారు చిన్నబుచ్చుకుని. "ఇవి లోపల పెట్టేసి మళ్లీ మొదట్నుంచీ వస్తాను. మీరిద్దరూ కాస్త అటు తిరగండి."

ఆయన పని అయ్యాక ఆంటీ హాల్లో టీవీ సౌండు పెంచి, కిటికీకి వీపు పెట్టి కూర్చున్నారు. సుధామయి పిల్లిలా మెట్లెక్కింది. కిటికీ చివర రెండు వంగ, రెండు గోంగూర వేరే కుండీల్లో, పుల్లలు కట్టి సిద్ధంగా ఉన్నాయి. ఎవరికోసం పెట్టారో అప్పుడు గానీ ఆ మట్టిబుర్రకు వెలగలేదు.

ఆ మధ్యాహ్నం పై కిటికీలోంచి ఆవిడ గాలితో మాట్లాడుతున్నట్టు, "ఇటుక గోడ వారగా నాటితే రాత్రిళ్లు వెచ్చగా ఉంటుందంటారు మరి," అన్నారు. గోడ వారగానే నాటింది. జులైలో ఒక వంగమొక్కను కుందేలు మేసేసింది. గోంగూర మాత్రం కోసినకొద్దీ పెరిగింది. రెండో వంగమొక్క పూలన్నీ రాల్చుకుని, ఆగస్టులో ఎట్టకేలకు ఒక్కటంటే ఒక్క పిందె నిలబెట్టింది. సుధామయి దానికి పొద్దునా సాయంత్రం దిష్టి కూడా తీసింది.

టర్మ్ డ్రాప్ చేసుకోవడానికి గడువు ఇంకా రెండ్రోజులుందనగా పొద్దున్నే వెళ్లి చూస్తే కాయ లేదు. తొడిమ మిగిలింది.

"కుందేలు తినేసింది నాన్నా," అని ఫోన్లో వెక్కివెక్కి ఏడ్చింది. "అయిపోయింది. టికెట్ చూడు."

ఆయన ఏదో చెప్పబోతుండగా, హీటర్ గాలి వచ్చే వెంట్‌లోంచి అల్లం పచ్చిమిర్చి దంచిన ఘాటు గుప్పున కొట్టింది. కాసేపటికి ఆంటీ చిన్న గిన్నెతో బేస్‌మెంట్ మెట్లు దిగి వచ్చారు.

"కుందేలు కత్తెరతో కోస్తుందిటే? దొంగిలించింది నేను. తొలికాయ దొంగల పాలైతే చెట్టు బాగా కాస్తుంది."

"ఆంటీ! అది నా పందెం!"

"తెలుసు. ఏప్రిల్ నుంచీ ఆ వెంట్‌లోంచి నీ ఫోన్లన్నీ వింటూనే ఉన్నా. కాస్తే ఉంటానన్నావు. తింటే అనలేదుగా? కాసింది. నేనే సాక్షిని." ఆవిడ గొంతు కాస్త తగ్గింది. "ఈ గదిలో ఇప్పటికి పదకొండు మంది పిల్లలున్నారు సుధా. మొక్క కావాలని అడిగింది నువ్వొక్కదానివే. నువ్వెళ్లిపోతే మార్చిలో వేసే నారు ఎవరు దొంగిలిస్తారే నా దగ్గర?"

సుధామయి గిన్నె అందుకుని పక్కన పెట్టింది. ఆవిణ్ణి గట్టిగా వాటేసుకుంది. ఆవిడ వెళ్లాక కూర్చుని వేడన్నంలో గిన్నెలోని వంకాయ కూర కలుపుకుంది. నాలుగే నాలుగు ముద్దలు వచ్చాయి. కాస్త ఉప్పెక్కువైంది, కానీ ఒక్క మెతుకు మిగల్చలేదు. తరువాత ఫోన్ తీసింది.

"నాన్నా, టికెట్ వద్దు. వంకాయ కాసింది."

ఆయన ఊపిరి పీల్చుకునేలోపే వెంట్‌లోంచి కేక వినపడింది. "గిన్నె ఖాళీగా తిప్పి పంపకు!"

సుధామయి గిన్నె కడిగి పెరట్లోకి వెళ్లి, గోంగూర నిండుగా కోసి, పైకి తీసుకెళ్లింది.