సిగ్గుపడే కుర్చీ

ఆ షెడ్డులో వాళ్ళు పెట్టుకున్న కట్టుబాటు ఒక్కటే. గడప దాటి లోపలికొచ్చిన ఏ వస్తువునైనా ముగ్గురిలో ఎవరైనా మార్చొచ్చు. మార్చినదాన్ని మాత్రం వెనక్కి తిప్పకూడదు. ముగ్గురూ కలిసి బొమ్మలు చేస్తారు. పిల్లలాడుకునేవి కావు లెండి. నడిచే అల్మారా, ఆవలించే సూట్‌కేసు, తనంతట తానే విచ్చుకుని ముడుచుకునే గొడుగు. వెల్డరు ఇనుప పని చూస్తాడు, మోటార్లతను కదలిక చూస్తాడు, ఆమె బట్టలు కుడుతుంది. ఇంత తెలిసిన ఆమె, తన నాన్న కుర్చీ కాలు ఊగుతోందని బాగుచేయడానికి తెచ్చి, ఎవరితో ఒక్క మాటైనా చెప్పకుండా ఆ షెడ్డులోనే వదిలి వెళ్ళడమేమిటి? బుద్ధి గడ్డి తిని! ఇంకేం చెప్పాలి.

ఆమె వాళ్ళ బొమ్మల ప్రదర్శన జరిగే హాల్లో తెరలు కుట్టుకుంటూ ఉండగానే వెల్డరు దాని కాళ్ళు కోసేశాడు. మోటార్లతను చక్రాలు బిగించి, మనిషి అలికిడి పసిగట్టే చిన్న కన్ను పెట్టాడు. ఎవరైనా దగ్గరికొస్తే చాలు, కుర్చీ వెనక్కి జారుకుంటుంది.

“భలే కుదిరిందక్కా! సిగ్గుపడే కుర్చీ!” అని మురిసిపోయాడు మోటార్లతను.

నాన్నకు మతి తప్పి చాలాకాలమైంది. కన్నకూతురినే “ఎవరమ్మా నువ్వు?” అని అడుగుతారు. గుర్తున్నది ఆ కుర్చీ ఒక్కటే. అందులో కూర్చోబెడితేనే నోరు తెరుస్తారు. అది పోయినప్పటి నుంచీ పళ్ళు బిగబట్టుకుని కూర్చున్నారు. ఆమె బతిమాలింది, కసిరింది, కాళ్ళు పట్టుకుంది. ఊహూఁ! రేపటికీ తినకపోతే ముక్కులోంచి గొట్టం వెయ్యాల్సిందేనని డాక్టరు చెప్పేశాడు. పోయినసారి గొట్టం వేసినప్పుడు, పీకేసుకుంటారని చేతులు రెండూ మంచానికి కట్టేశారు. విడిపించమని ఆయన కనబడ్డ ప్రతి ఒక్కరినీ అడిగారు. అది మళ్ళీ చూడటం ఆమె వల్ల కాదు.

“వెనక్కి మార్చెయ్ తమ్ముడూ, నీకు పుణ్యముంటుంది.”

“కోసేసిన కాళ్ళు ఎక్కణ్ణించి తేనక్కా? అది నాన్నగారిదని నాకేం తెలుసు!” అతని మొహం పాలిపోయింది. “కుర్చీ ప్రదర్శనకి వెళ్ళిపోయింది. ఆయన్నే హాలుకి తీసుకురా. మోటారు ఆపేస్తా, కూర్చోబెట్టి తినిపించు.”

తీసుకెళ్ళింది. హాలు జనంతో కిటకిటలాడుతోంది. బొమ్మలన్నిటినీ ఆడించే పెట్టె వెనక గదిలో ఉంది. దాన్ని ఆపడానికి మోటార్లతను పరిగెత్తాడు. ఈలోపు ఆమె అన్నం డబ్బా మూత తీసి, ముద్ద చేసి, ఆశకొద్దీ నాన్న అరచేతిలో పెట్టింది. ఆయన కుర్చీని చూశారు. అంతే, ఆమె చెయ్యి విడిపించుకుని వెళ్ళిపోయారు.

కుర్చీ వెనక్కి జరిగింది. ఆయన ముందుకెళ్ళారు. అది ఇంకా జరిగింది. ఆయన తూలిపోతూ, ఆయాసపడుతూ దాని వెంటపడ్డారు. జనం పకపకా నవ్వి ఫోన్లు పైకెత్తారు. వీళ్ళ కళ తగలెయ్య!

“పిట్టా! పరిగెత్తకు పిట్టా, పడతావ్! ఒక్క ముద్ద తినమ్మా!” అంటున్నారాయన, ముద్ద ముందుకు చాపి.

పిట్ట అంటే ఆమే. చిన్నప్పుడు అన్నం తినకుండా నాన్నను ఇల్లంతా తిప్పించేది. తనను ఎవరమ్మా అని అడిగిన మనిషి కుర్చీని పట్టుకుని పిట్టా అంటున్నారు! ఆమెకు ఏడుపు కట్టలు తెంచుకుంది. జనాన్ని తోసుకుంటూ ఒక్క ఉదుటున వెళ్ళి కుర్చీలో కూలబడింది. అది ఆమెతో సహా వెనక్కి జారిపోతోంది. మడమలు నేలకు తన్నిపెట్టింది.

“ఇక్కడున్నా నాన్నా! నేనే పిట్టని. పెట్టు!”

చక్రాలు గిజగిజలాడి ఆగిపోయాయి. లోపల మోటార్లతను ఆపేసినట్టున్నాడు. ఆయన వంగి ఆమె మొహంలోకి తేరిపార చూశారు. ముద్దను రెండుగా తుంచి, ఒకటి ఆమె నోట్లో పెట్టారు.

“నమిలి మింగు. నువ్వు తింటేనే నేను తింటా.”

నమిలి మింగింది. పసిపిల్లలా నోరు తెరిచి చూపించింది. ఆయన తలూపి, మిగిలిన సగం తన నోట్లో వేసుకుని నమలసాగారు.

హాలంతా చప్పట్లు మోగాయి. ఆయన బెదిరిపోయారు. నమలడం ఆగిపోయింది.

“ఆపండి! మీకు దండం పెడతా, చప్పట్లు ఆపండి!” గుండె పగిలేలా అరిచిందామె. “తింటున్నారు... తిననివ్వండి!”