సలూన్‌కొచ్చిన ధూపపాత్ర

కావ్‌షుంగ్ నగరంలో మెట్రో స్టేషన్ వెనకున్న మాజు అమ్మవారి గుడిలో ఆ ఉదయం కాలు పెట్టే సందు లేదు. అమ్మవారి ధూపపాత్ర ఈ ఏడాది ఎవరింట ఉండాలో తేలేది ఆ రోజే. నెలవంకల్లాంటి రెండు చెక్కలు నేల మీద వేయాలి. ఒకటి వెల్లకిలా, ఒకటి బోర్లా పడితే అమ్మవారు ఔనన్నట్టు. వరసగా ఎక్కువసార్లు ఔననిపించుకున్నవాళ్లదే పాత్ర.

మాంసం కొట్టు హోక్‌సెంగ్ పద్దెనిమిదేళ్లుగా దీనికోసం కాచుక్కూచున్నాడు. ఈసారి అతనికి వరసగా ఏడు ఔనులు పడ్డాయి.

"ఇంక నన్ను దాటేవాళ్లెవరో రండి చూద్దాం!" అన్నాడు.

వీధి చివర చిన్న సలూన్ నడిపే సియోక్‌కిమ్ ఊరికే దణ్ణం పెట్టుకుపోదామని వచ్చింది. ఇంటికొకరు వేయాల్సిందేనన్నారు పెద్దలు.

"నాకెందుకయ్యా? ఈవిడ తలకేసిన రంగు కడగాలి," అంది, ప్లాస్టిక్ టోపీతో వెంటే వచ్చిన కస్టమర్‌ని చూపిస్తూ.

"నా తల ఎక్కడికీ పోదు, ముందు వెయ్యి!" అంది ఆవిడ.

వేసింది. ఔను. మళ్లీ ఔను. ఐదోసారీ ఔనే. ఏడోది కూడా పడేసరికి కళ్లు మూసుకుని, "తల్లీ, నా కొట్టు ఇరుకు, ఊపిరాడదు నీకు. హోక్‌సెంగ్‌ది మూడంతస్తుల మేడ, అక్కడికి వెళ్లు," అని గొణిగింది.

ఎనిమిదోదీ ఔనే. గుడి హోరెత్తిపోయింది. హోక్‌సెంగ్ మాత్రం తల దించుకుని బయటికి నడిచాడు.

కస్టమర్ తల కడిగి పంపి, సియోక్‌కిమ్ నేరుగా అతని కొట్టుకెళ్లింది.

"అన్నా, నువ్వే తీసుకో దాన్ని."

"అమ్మవారు నిన్ను కోరుకుంటే మధ్యలో నేనెవర్ని?" అతను తలెత్తకుండా మాంసం కొడుతూనే ఉన్నాడు. ఇంకో ముక్క కొట్టి, "ఎక్కడ పెడతావ్?" అన్నాడు.

"హెయిర్ డ్రయ్యర్ పక్కన."

కత్తి ఆగిపోయింది. "అమ్మవారికి వేడిగాలి కొట్టిస్తావా? బుద్ధుందా నీకు?"

టేపు, సుత్తి పట్టుకుని ముందు అతనే బయల్దేరాడు. అద్దం పక్కకి జరిపించాడు, ఒక కుర్చీ తీయించాడు, గోడకి ఎర్రరంగు చెక్క అర బిగించాడు. సాయంత్రం పాత్రని తెచ్చేటప్పుడు డోలు కూడా అతనే వాయించాడు, ఎవరికీ ఇవ్వకుండా.

మర్నాడు సలూన్ తెరిచేసరికి వీధిలోని ముసలమ్మలంతా అమ్మవారికి పెట్టే బత్తాయిలతో గుమ్మంలో ఉన్నారు. మిగిలిన ఒక్క కుర్చీలోనూ ఒకావిడ బైఠాయించి కబుర్లు మొదలెట్టింది. సియోక్‌కిమ్ భర్త పోయినప్పట్నుంచి, కస్టమర్లు లేనప్పుడు రేడియో తప్ప మరో గొంతు వినపడని ఆ గదిలో, ఆ రోజు ఆమె ఒక్క తలా కత్తిరించలేదు. టీ కాస్తూ, నవ్వుతూనే ఉంది.