లెక్కలు – రెండో భాగం

ఏటా బడి తెరిచే ముందు పాప పుస్తకాలకు అట్టలు వేసేది నేనే. గోధుమరంగు కాగితం కొలిచి, కత్తిరించి, మూలలు మడిచి, లేబుల్ అంటించి, దాని పేరూ తరగతీ గుండ్రంగా రాసేది నేనే. "నీ చేతిరాత బాగుంటుంది కదా" అంటారు ఆయన. బాగుండటం నా ఖర్మ. రెండేళ్ళ కిందట ఒక అట్ట మిగిలితే దాన్ని నా నవలకు తొడిగి, లేబుల్ మీద "లెక్కలు – రెండో భాగం" అని రాశాను. లెక్కలకు రెండో భాగమే లేదని ఈ ఇంట్లో ఇంతవరకు ఎవరికీ అనుమానం రాలేదు. పాప ఏ తరగతో తెలిస్తే కదా రావడానికి.

దాచుకోవడం ఎందుకంటే, పాత రాజకుమారి కథల్ని తిరగేసి కొత్తగా రాసే నవలలంటే నాకు పిచ్చి. మాయలుంటాయి, శాపాలుంటాయి, దాంతోపాటు చిన్నప్పుడు మనం అడగబోయి ఊరుకున్న ప్రశ్నలు కూడా ఉంటాయి. ఒకసారి ఆయన కంటపడింది. భోజనానికొచ్చిన స్నేహితుల ముందు "మా ఆవిడ ఇంకా మూడో తరగతే" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వి కంచాలు తీశాను. "ఇంటి పనికి లేని ఓపిక వీటికెక్కడినుంచి వస్తుందో" అంది అత్తయ్య.

కోటకు కోటంతా వందేళ్ళు నిద్రపోయిన కథ తెలియనిదెవరికి! ఈ నవలలో మాత్రం వంటామె నిద్రపోదు. శాపం తగిలే వేళకు ఆమె పెరట్లో నీళ్ళు తోడుతోంది. మనుషుల లెక్కలో ఆమెను ఎవరూ వేయలేదు కనక శాపం కూడా వేసుకోలేదు. వందేళ్ళూ అందరి మీదా దుమ్ము దులుపుతుంది, దుప్పట్లు మారుస్తుంది, గోళ్ళు తీస్తుంది. పాలు పొంగేలోపు ఒక పేజీ, వాషింగ్ మెషిన్ ఆగేలోపు నాలుగు, అలా చదువుతూ అంచుల్లో పెన్సిల్‌తో రాసుకునేదాన్ని. "రాజుగారి మేజోళ్ళు నూరుసార్లు ఉతికాను" అన్నచోట "నూరేనా?" అని. గురకపెట్టే రాజమాత పక్కన "అత్తయ్య. నిద్రలో కూడా వంకలే" అని. కోట తలుపుకు అసలు తాళమే లేదు, అయినా ఆమె వెళ్ళలేదు అని ఉన్నచోట చాలాసేపు ఆగి, "నేనూ అంతే. వెళితే పాపను లేపేదెవరు?" అని.

నిన్న ఉదయం పాప సంచి సర్దుతున్నాను. అదీ నా పనే. "నా సాక్సులేవీ?" అని ఆయన, "టీ చల్లారి చచ్చింది" అని అత్తయ్య ఒకేసారి కేకేశారు. ఏ అట్ట ఏ సంచిలో వేశానో చూసుకోలేదు. పదకొండింటికి నేను పనిచేసే కళ్ళ ఆసుపత్రిలో, నా కౌంటర్ వెనక, రెండు పేజీలు చదువుదామని పుస్తకం తెరిస్తే త్రిభుజాలు కనిపించాయి.

ఆ రోజే లెక్కల టీచరు ఒక్కొక్కరి పుస్తకం తిప్పి చూసే రోజు. ఆవిడ మొదట ఏ పేజీ తెరుస్తుంది? అత్తయ్య పేజీయా, మేజోళ్ళ పేజీయా? బడి ఫారంలో మొదటి ఫోన్ నంబరు ఆయనది. ఆయన చదివితే? చదివి మళ్ళీ స్నేహితుల ముందు వినిపిస్తే? బడికి మూడుసార్లు ఫోన్ చేశాను, ఎవరూ ఎత్తలేదు. పన్నెండో టోకెన్ రోగిని రెండుసార్లు పిలిచాను, పదమూడును మర్చిపోయాను. "నా కంటికే కనపడదనుకున్నా, నీకు కూడానా తల్లీ?" అన్నాడొక ముసలాయన. గంట సేపు పర్మిషన్ అడిగితే డాక్టరుగారు కాగితాల్లోంచి తల ఎత్తకుండానే "ఆడవాళ్ళను పెట్టుకుంటే ఇదేనమ్మా గొడవ. ముందు టీ చెప్పు" అన్నారు. చెప్పాను. సాయంత్రం దాకా టోకెన్లు పిలుస్తూనే ఉన్నాను.

ఇంటికి వెళ్ళేసరికి ఆయన వచ్చేసి ఉన్నారు. బల్ల మీద పుస్తకం. దాని ముందు పాప నిలబడి ఉంది.

"ఆ పుస్తకమే చేతికిచ్చి రెండు పీరియడ్లు వరండాలో నిలబెట్టారట. ఆఫీసులో అందరి ముందు నాకు ఫోను. పైన లెక్కలు, లోపల కాకమ్మ కథలు! ఎవరిదే అంటే నాదేనని ఒప్పుకుందట" అన్నారు ఆయన.

"పదమూడేళ్ళకే దొంగబుద్ధులు. ఎవరి పోలికో" అంది అత్తయ్య.

లేబుల్ మీద రాత నాది. బాగుంటుందని పొగిడే మనిషి దాన్ని గుర్తుపట్టలేదు. పాప నా వైపు చూసి, తల కొంచెంగా అడ్డంగా ఊపింది. చెప్పొద్దమ్మా అని. ఆ ఊపు నాకు బాగా తెలుసు. ఆయనకు కోపం వచ్చినప్పుడు నేను దానికి చేసే సైగే అది.

"పుస్తకం నాది" అన్నాను.

ఆయన నన్నూ పుస్తకాన్నీ మార్చి మార్చి చూశారు. తర్వాత తెరిచారు. ఒక పేజీ, పది పేజీలు, ఇరవై. ఎక్కడా ఏమీ లేదు. అంచులన్నీ ఖాళీగా, కాస్త మసకగా ఉన్నాయి. మడతల్లోంచి రబ్బరు పొడి ఆయన చొక్కా మీద రాలింది. ఆయన దులుపుకున్నారు.

"నలభై ఏళ్ళొచ్చి ఇదా నీ చదువు! సర్లే, వంట సంగతి చూడు."

బతికిపోయాననుకోవాలి. ఏడుపొచ్చింది. రెండు పీరియడ్లు వరండాలో నిలబడి, పేజీ తర్వాత పేజీ చదివి, నన్ను కాపాడటానికి నా మాటలన్నీ చెరిపేసింది నా కూతురు. దాని వేళ్ళ చివర్లు ఇంకా నల్లగానే ఉన్నాయి. దాచుకోవడం దానికి నేర్పింది ఎవరో కాదు, నేనే.

వంటింట్లోకి వెళ్ళలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, ఆయన చేతిలోంచి పుస్తకం తీసుకుని, అట్ట చింపేశాను. "పెన్ను ఇవ్వండి" అన్నాను. ఏమనుకున్నారో, జేబులోంచి తీసి ఇచ్చారు. తాళం లేని తలుపు ఉన్న పేజీ వెతికాను. రబ్బరు కింద నా పాత ప్రశ్న గీతలు గీతలుగా ఇంకా కనబడుతోంది. వెళితే పాపను లేపేదెవరు?

పాప నా భుజం వెనక్కి వచ్చి నిలబడింది. ఆ ప్రశ్న కింద, దానికి కనబడేలా, పెన్నుతో నొక్కి రాశాను.

పాప లేచింది.