బాతు బొమ్మ ఖాతా

"అమ్మాయ్, బల్ల మీద వంకాయ ఒకటి ఊరికే పడుంటే పులుసులో వేసేశాను" అంది భ్రమరాంబ, మజ్జిగన్నంలోకి వచ్చాక, తీరిగ్గా. "దానికి లవంగాలు గుచ్చావేంటే? పంటికింద పడి నోరంతా మండిపోయింది."

సరయు చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. అత్తగారు తిన్నది ఉత్త వంకాయని కాదు, సినిమా హీరోయిన్ని. ఆ లవంగాలు దాని కళ్లు.

నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి. దేశంకాని దేశంలో, ఆంగ్ మో కియో అనే పేటలో, తొమ్మిదో అంతస్తు ఫ్లాటులో, ఒక వంకాయమ్మ పొయ్యి దగ్గర బయల్దేరి, గుమ్మం దాటి, లిఫ్టెక్కి ఎటో వెళ్లిపోయే సినిమా తీస్తోంది సరయు. మాటల్లేవు, పాటల్లేవు. వంకాయని బియ్యపుగింజంత జరపడం, కెమెరా నొక్కడం, మళ్లీ జరపడం. ఆ ఫొటోలన్నీ కంప్యూటర్లో వరసగా పేరిస్తే వంకాయమ్మ నడుస్తుంది. అది మొదటిసారి రెండడుగులు వేసిన రోజు, కూతురు కీర్తిక తొలి అడుగులు చూసి ఏడ్చినట్టే ఏడ్చింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే డాక్టరు దగ్గరికి తీసుకెళతారు.

దీనికంతటికీ ఆమెకి దొరికే టైము మధ్యాహ్నం అంట్లు తోమాక, కీర్తిక స్కూలు బస్సు వచ్చేలోపు. ఆ కాస్తలోనే అత్తగారి కాఫీ, ఆరిన బట్టలు, ఇస్త్రీ. వంకాయేమో ఆమె తీరిక కోసం ఆగదు. సినిమా సగంలోనే నాయిక మొహం ముడతలు పడిపోతుంది. మళ్లీ అదే రంగు, తొడిమకి అదే వంపు ఉన్న వంకాయ కోసం మార్కెట్లో బుట్టలన్నీ కెలకాలి. "వంకాయ కొనను వచ్చావా, పెళ్లికూతుర్ని చూడను వచ్చావా లా?" అంటుంది అక్కడ కూరగాయలమ్మే ఈరమ్మ ఆంటీ. తాతలనాడే ఇక్కడికొచ్చేసిన తెలుగు ఆవిడది, చివర ఈ ఊరివాళ్ల 'లా' తగిలిస్తుంది. అయినా ఏరి ఏరి ఇస్తుంది.

ఇక ఆ సాఫ్ట్‌వేరు సంగతి. ఫొటోలు కొన్ని వందలు దాటగానే గుడ్లు తేలేస్తుంది. తెర బిగుసుకుపోతుంది, చేసిందంతా గంగపాలు. కొత్త వెర్షన్లో ఆ జబ్బు లేదట, పైగా ఉచితం. కానీ ఎక్కించబోతే "మీ అడ్మినిస్ట్రేటర్‌ని సంప్రదించండి" అని వస్తుంది. అడ్మినిస్ట్రేటర్ ఎవరు? ఇంకెవరు, మొగుడే.

పార్థసారథి చాంగీ బిజినెస్ పార్కులో ఒక బ్యాంకుకి సిస్టమ్స్ చూస్తాడు. ఊళ్లో ఏ తెలుగువాళ్లింట్లో కంప్యూటర్ మొరాయించినా సంచీ తగిలించుకుని పరిగెడతాడు. సొంత ఇంట్లో కంప్యూటర్‌కి మాత్రం మూడు ఖాతాలు పెట్టాడు. ఒకటి సారథి, ఒకటి కీర్తిక, మూడోది కిచెన్. కిచెన్ పక్కన పసుపుపచ్చ బాతు బొమ్మ. ఇంటికొచ్చినవాళ్లకి చూపించి మరీ నవ్వాడు. పెళ్లికి ముందు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసిన మనిషి సరయు. వాళ్లతో బాటు తనూ నవ్వింది. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ తన చెంప తనే వాయించుకోవాలనిపిస్తుంది.

"నాకూ అడ్మిన్ ఇవ్వొచ్చుగా?" అనడిగితే, "ఒక ఇంట్లో ఇద్దరు అడ్మిన్లుంటే సిస్టమ్ పాడవుతుంది సరయూ" అన్నాడు. ఇక్కడ ఉద్యోగం వెతుక్కుంటానన్నప్పుడూ ఇంచుమించు ఇదే మాట, సిస్టమ్ బదులు సంసారం. ఏదైనా ఎక్కించాల్సి వస్తే ఆయనే వచ్చి కూర్చుని, కీబోర్డుకి వీపు అడ్డం పెట్టి, "అటు చూడు" అంటాడు. ఆమె గోడకేసి తిరిగి నిలబడాలి. ఆయన టకటకా కొట్టుకుంటాడు. ఆయన బనియన్లు ఉతికి మడతపెట్టే మనిషి, ఆయన తుమ్మితే ఆవిరి పట్టే మనిషి, ఆ నాలుగక్షరాలు మాత్రం చూడకూడదు.

కొత్త వెర్షన్ మాటెత్తితే "శనివారం చూద్దాంలే" అన్నాడు. శనివారాలొచ్చాయి, పోయాయి. ఒక శనివారం క్రికెట్, ఇంకో శనివారం తెలుగు సంఘం పెద్దిరాజు అంకుల్ కంప్యూటర్లో వైరస్. గట్టిగా అడిగితే, "ఏం, నీ వంకాయ రిలీజ్ డేట్ ఇచ్చేసిందా?" అని వేళాకోళం. కీర్తికా తండ్రి కూతురే. "అమ్మా, యువర్ బ్రింజాల్ సో స్లో లా!"

అలాంటిది, తెలుగు సంఘం పిక్నిక్ వీడియో ఎవరైనా ఎడిట్ చేసిపెట్టాలని పెద్దిరాజు అంకుల్ ఫోన్ చేసీ చెయ్యగానే, "నేనున్నాగా అంకుల్!" అన్నాడు పార్థసారథి. ఆ సాయంత్రమే, కుక్కర్ మూడు కూతలు కూసేలోపు కొత్త వెర్షన్ ఎక్కించేశాడు.

"రేపు మధ్యాహ్నం కూర్చుని కట్ చేసెయ్. డీవీడీ కూడా చెయ్యి. చివర్లో నా పేరు వెయ్యి, నేనే చేస్తున్నానని చెప్పా."

మూడు కూతల పని! దీనికా అన్ని శనివారాలు! కడుపు మండిపోయింది సరయుకి. సరే, ఏదైతేనేం, కొత్త వెర్షనైతే వచ్చిందిగా అని మింగేసుకుని తన ఫోల్డర్ తెరిచింది. ఖాళీ.

"ఓ, అదా? పిక్నిక్ వీడియోకి స్పేస్ చాల్లేదు. ఆ వంకాయలు తీసేశా" అన్నాడు టీవీ మీంచి చూపు తిప్పకుండా. "మళ్లీ తీసుకో. వంకాయలకేం కరువా?"

"ఒక్క మాట అడగొచ్చుగా?"

"అడగడానికి అవేమన్నా ఆఫీసు ఫైళ్లా?"

"పోనీలే అమ్మాయ్" అంది భ్రమరాంబ. "పొద్దస్తమానం ఆ వంకాయతో ఆటలేంటి? వింటే నలుగురూ నవ్విపోతారు."

సరయు ఏడవలేదు. ఏడుపు రాకపోవడం ఆమెకే వింతగా ఉంది. వంకాయమ్మని గుమ్మం దాకా నడిపించుకొచ్చింది. ఇంకొక్క గడప, అంతే. అది దాటితే లిఫ్టు. ఇంతమంది తిండికీ బట్టలకీ నిద్రకీ చోటున్న ఈ ఇంట్లో, నేను చేసుకున్నదానికి మాత్రం చోటు చాలదా? ఎవడి స్పేస్ ఎవడు తీసేస్తున్నాడు? నా పని చెరిపేసిన చోటే నన్ను కూర్చోబెట్టి, నా చేత ఎడిట్ చేయించి, నా మొగుడు తన పేరు వేసుకుంటాడా? రాత్రి పెరుగు తోడుపెడుతున్నా ఇవే మాటలు. పక్కన పడుకున్న వీపుని చూస్తే అసహ్యం వేసింది.

మర్నాడు మధ్యాహ్నం పిక్నిక్ వీడియో శుభ్రంగా కట్ చేసింది. డీవీడీ చెయ్యబోతే మళ్లీ అదే అడ్డం, "మీ అడ్మినిస్ట్రేటర్‌ని సంప్రదించండి." సంప్రదించింది.

"మీటింగ్‌లో ఉన్నానే!" ఫోన్లో గుసగుసగా విసుక్కున్నాడు పార్థసారథి. "నా ఖాతాలోకెళ్లి చెయ్యి. పాస్‌వర్డ్ చెప్తా, ఎవరికీ చెప్పకు. సారథి ద బాస్. అన్నీ కలిపి."

ఇన్నేళ్లు గోడకేసి తిరిగి నిలబడింది దీనికోసమా! ఫోన్ పెట్టేశాక పొట్టపట్టుకుని నవ్వింది సరయు. పక్కగదిలోంచి అత్తగారు "ఎవరే?" అని కేకేసింది.

వీడియో చివర్లో "ఎడిటింగ్: సరయు" అని వేసి డీవీడీ తీసి బల్ల మీద పెట్టింది. తర్వాత ఖాతాలు తెరిచింది. కిచెన్ అన్న పేరు చెరిపి సరయు అని రాసింది, దానికి అడ్మినిస్ట్రేటర్ హోదా ఇచ్చింది. పాస్‌వర్డ్ పెట్టింది. సారథిని మామూలు ఖాతాలోకి దించింది. బాతుని ఆయన పేరు పక్కకి పంపింది. బస్సు వచ్చేవేళకి చెప్పులేసుకుని కిందికి దిగింది, వస్తూ వస్తూ ఈరమ్మ ఆంటీ దగ్గర ఒక నిగనిగలాడే వంకాయ ఏరుకుంది.

సాయంత్రం భోజనం కాగానే కంప్యూటర్ ముందు కూర్చున్న పార్థసారథి ఒక్కసారిగా అరిచాడు. "సరయూ! ఏం చేశావ్ దీన్ని? ఆఫీసుది అర్జెంటుగా ఒకటి ఎక్కించాలి, అడ్మినిస్ట్రేటర్‌ని సంప్రదించమంటోంది!"

"డాడీ, యూ గాట్ డక్ లా!" కీర్తిక పడీ పడీ నవ్వింది.

"ఏమైందిరా?" అంది భ్రమరాంబ కంగారుగా.

"పాస్‌వర్డ్ మార్చేసింది! ఏంటది? చెప్పు!"

సరయు బల్ల దగ్గర కొత్త వంకాయకి రెండో కన్ను గుచ్చుతోంది. 'శనివారం చూద్దాంలెండి' అన్న మాట నాలిక చివరి దాకా వచ్చింది. అనలేదు. ఆఫీసు పని కదా, పాపం. కొంగుకి చేతులు తుడుచుకుని వెళ్లి, ఆయన్ని లెమ్మని తను కుర్చీలో కూర్చుంది. కీబోర్డుకి వీపు అడ్డం పెట్టుకుంది.

"అటు చూడండి" అంది.