ఆదివారం మాత్ర

ఉరుకుందమ్మ వేణ్ణీళ్ల గిన్నెలో వేళ్లు ముంచి కూచుంది. తెల్లవారి గంటయినా పిడికిలి విచ్చుకోవడం లేదు. వెనక పీట మీద కూచుని మొగుడు కంబన్న ఆమె జుట్టుకు నూనె రాసి జడ వేస్తున్నాడు. ఎనిమిదేళ్లుగా ఆ పని ఆయనదే. పత్తికొండ మార్కెట్లో టమాటా బాక్సులు మోసి మొద్దుబారిన చేతులవి. మొదట్లో జడ వంకరగా వచ్చేది. ఇప్పుడు వీధిలో ఏ తల్లీ కూతురికి అంత చక్కగా వేయదు.

"ఒళ్లు కాలతాండాది గదే," అన్నాడు, వేళ్లు ఆమె మెడకు తగిలి.

"నొప్పులు ఎక్కువైతే ఒళ్లు కాలతాది గదా. మామూలే."

ఒంటిని కాపాడాల్సిన శక్తే ఆమె కీళ్ల మీద తిరగబడిందని కర్నూలు డాక్టరు చెప్పాడు. దాన్ని అణచడానికి ప్రతి ఆదివారం ఒక మాత్ర. మర్నాడంతా కడుపులో తిప్పినా ఏ వారమూ మానలేదు. కోవిడ్ సూదులు వచ్చినప్పుడు వీధిలో అందరికంటే ముందు వెళ్లి, మొగుణ్ని కూడా లాక్కుపోయి, రెండూ వేయించుకొచ్చింది.

మార్కెట్లో ఆమె పని కాయలు ఏరడం. వేళ్లు వంగిపోయాక అరచేతి అంచుతో దొర్లించి, దోరవి ఒకవైపు, పండినవి ఒకవైపు తోసేది. కుళ్లిన కాయ అడుగున ఎక్కడున్నా వాసనతోనే పట్టేసేది. ఆమె నింపిన బాక్సును కుమ్మరించి చూపమని ఏ వ్యాపారీ అడగలేదు.

జడ వేయించుకుని మార్కెట్‌కు వెళ్లిన ఆ జనవరి పొద్దున, పక్కన కూచుని కాయలు ఏరే నాగలక్ష్మమ్మ ఆమె బాక్సులోంచి ఒక కాయ తీసింది. దాన్నుంచి నీరు కారుతోంది.

"ఏమక్కా, ఇది మురిగిపోయుండాది. నీకు తెలీలేదా?"

ఉరుకుందమ్మ కాయను ముక్కు దగ్గర పెట్టుకుంది. ఇంకొకటి నలిపి చూసింది. ఏ వాసనా లేదు. కొంగు మూతికి అడ్డం పెట్టుకుని లేచి, నాలుగడుగులు వెనక్కి జరిగింది.

"నా దగ్గరికి రావద్దు. నీ ఇంట్లో పసిబిడ్డుండాది."

పత్తికొండ ఆసుపత్రి మెట్టు పక్కన చెప్పులు విడిచి వచ్చిన ఆమెకు వరండాలో నర్సు రెజీనా పరీక్ష చేసింది. కోవిడే.

"రెండు సూదులూ నువ్వే గదమ్మా ఏసింది?" ఉరుకుందమ్మ గొంతులో నిష్ఠూరం లేదు.

"నేనే అక్కా. శానామందికి బాగానే పట్టినాది. నీ ఆదివారం మాత్ర ఒంట్లో శక్తిని నిద్రబుచ్చుతాది గదా. సూది చెప్పింది దానికి సగమే వినపడింటాది."

"సగమన్నా వినిందిలే," అని నవ్వబోయి దగ్గింది.

ఆక్సిజన్ చూసే క్లిప్పు ఆ వేళ్లకు సరిగ్గా పట్టలేదు. రెజీనా ఆమె చిటికెన వేలిని తన రెండు అరచేతుల మధ్య పెట్టుకుని చాలాసేపు వెచ్చజేసింది. అప్పుడు పట్టింది. వచ్చిన అంకె చూసి పక్కకు వెళ్లి కర్నూలు పెద్దాసుపత్రికి ఫోన్ చేసింది. ఈ ఆదివారం మాత్ర ఆపమన్నారు, వెంటనే పంపమన్నారు.

కంబన్న పరుగెత్తుకుంటూ వచ్చాడు. దూరంగా ఉండమంటే వినలేదు.

"ఇన్నేండ్లు ఈమె ఊపిరి తగల్లేదా నాకు?"

మాస్కు పెట్టుకుని, వీడిపోయిన జడను మొదటినుంచి అల్లాడు.

"గట్టిగా ఏస్తాండా. ఆడ నీకు ఏసేవాళ్లుండరు."

ఆమె కళ్లు మూసుకుని అంతా వేయించుకుంది. 108 బండి వచ్చి ఇద్దరు మనుషులు స్ట్రెచర్ మీదికి ఎత్తుతుంటే అప్పుడు అంది: "నాగలక్ష్మికి ఫోన్ చెయ్యి. పొద్దున నేను నింపిన బాక్సులన్నీ కుమ్మరించి మళ్లా ఏరమను. నా పేరు మీద మురిగిన కాయ పోగూడదు."

కంబన్న బండిలో ఆమె పక్కనే కూచుని ఫోన్ చేశాడు. నాగలక్ష్మమ్మ పద్నాలుగు బాక్సులు కుమ్మరించింది. ఇంకా మూడు కాయలు దొరికాయి.

కంబన్నకూ సోకింది, రెండు రోజులు జలుబు చేసి పోయింది. ఉరుకుందమ్మ ఆరో రోజు తెల్లవారుతుండగా కర్నూలులో, నిద్రలోనే వెళ్లిపోయింది.

ఆ పొద్దున డ్యూటీకి వచ్చిన రెజీనా వరండా మెట్టు దగ్గర ఆగింది. పక్కన గోడవారగా ఒక జత చెప్పులు అలాగే ఉన్నాయి. వాచిన బొటనవేలు ఒరుసుకోకుండా ఎడమ చెప్పు పట్టీ లోపల ఎవరో మొరటు కుట్లతో పాత పంచె గుడ్డ కుట్టారు, అది కాలి చెమటకు నల్లబడి మెత్తగా ఉంది.